నేను పీకిన తాటిమట్ట

మా బండి వెడల్పు ఏడున్నర అడుగులు, పొడవు ఇరవై ఆరు. పైకప్పు మీద బిగించిన నీళ్ళ పీపాతో కలిపి ఎత్తు పదిన్నర. ఈ కొలతలు నాకు మా పిల్లలు పుట్టిన తేదీల కంటే బాగా గుర్తు. ఈ మాట అన్నప్పుడల్లా మా ఆవిడ మూతి ముడుస్తుంది.

బందరులో ఒక మిషను ఆసుపత్రి ఉంది. పల్లెల్లో తిరిగి వైద్యం చేయడానికని సముద్రం అవతలి సంఘాల వాళ్ళు దానికి ఆ బండి పంపారు. బయటికి బస్సులా కనిపించినా లోపల ఇల్లే. రెండు పడకలు, గోడకు మడిచిపెట్టే బల్ల, కిరసనాయిలు స్టౌ, చేతులు కడుక్కునే తొట్టి, మందుల బీరువా. పక్కన చుట్టి ఉన్న గుడ్డ విప్పి రెండు గెడలు పాతితే బయట పందిరి కూడా తయారు. డాక్టరమ్మ గారూ నర్సమ్మా లోపల పడుకునేవారు. కాంపౌండరూ నేనూ పందిట్లో. వారం పది రోజులు అలా ఊరూరా తిరిగి బందరు చేరేవాళ్ళం. జనం దాన్ని ఇల్లుబండి అనేవారు. ముదినేపల్లిలో ఒక ముసలావిడ బండంతా ఎక్కి దిగి, పడకలు నొక్కి చూసి, స్టౌ మూత తీసి చూసి, “అన్నీ బానే ఉన్నాయి గానీ అబ్బాయ్, దొడ్డి ఎక్కడ కట్టారూ?” అని అడిగింది. డాక్టరమ్మ గారు నవ్వు ఆపుకోలేక పందిరి గుడ్డలో మొహం దాచుకున్నారు.

ఎక్కడో వెడల్పాటి రోడ్ల కోసం కట్టిన బండి అది. యాభైల మధ్యలో మా వైపు రోడ్లంటే ఒక బండి పట్టేంత కంకర, దాని రెండు పక్కలా మట్టి, ఆ పక్కన కాలవో పొలమో. పిల్లకాలవల మీద వంతెనలు ఎడ్లబండిని మనసులో పెట్టుకుని కట్టినవి. పెదపారుపూడి దగ్గర ఒక వంతెన మీద మా బండికీ పిట్టగోడకూ మధ్య రెండు వేళ్ళ సందు మిగిలేది. ఇక కాలవ గట్లు సరేసరి. తొమ్మిదడుగులో పదడుగులో వెడల్పు, ఒక వైపు నీళ్ళు, ఇంకో వైపు మనిషి లోతున పొలాలు, మధ్యమధ్య వంగిన తుమ్మకొమ్మలు.

అలాంటి చోట్ల ఆ బండిని నేను ఏడేళ్ళు తోలాను. గొప్పలు చెప్పుకోవడం కాదు, నా అంత బాగా తోలినవాడు ఈ జిల్లాలో లేడు. యుద్ధకాలంలో మిలటరీ లారీలు తోలి, కొండల్లో వర్షంలో దీపాలార్పి నడపడం నేర్చుకొచ్చినవాణ్ణి. ఏ వంతెనైనా ముందు దిగి నడిచి చూడందే చక్రం ఎక్కించేవాణ్ణి కాదు. ఏడు అడుగుల తొమ్మిది అంగుళాలకు ఒక వెదురు గెడ కోయించి బండి పక్కన తగిలించుకున్నాను. గెడ అడ్డంగా ఇమిడితే బండీ ఇముడుతుంది. నేను వంగి వంతెన కొలుస్తుంటే గేదెలు కాసేవాళ్ళు చుట్టూ చేరి, “గౌను కుట్టిస్తావా ఏంటి బాబూ దానికి?” అనేవారు.

కాంపౌండరు బందరు సాయిబు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. ఇరుకు దారుల్లో ఆయన కిందికి దిగి, వెనక్కి నడుస్తూ చేయి ఊపుతూ “రైట్... రైట్... హోల్డాన్!” అని అరిచేవాడు. ఒకసారి అలా వెనక్కి నడుస్తూ నడుస్తూ తనే కాలవలో పడ్డాడు. లేచి నిలబడి, కోటు పిండుకుంటూ, “హోల్డాన్ అని నాకు చెప్పేవాడేడీ బావా?” అన్నాడు.

గట్టు మీద ఎదురుపడితే బరువున్న ఎడ్లబండికి దారి ఇవ్వాలి. ఎడ్లు వెనక్కి నడవవు కాబట్టి నేనే నడవాలి. గుడివాడ వైపు ఒకసారి పెళ్ళివారి బండ్లు ఎదురైతే మూడు ఫర్లాంగులు రివర్సులో తోలుకొచ్చాను, ఒక్కసారి కూడా చక్రం అంచు తొక్కకుండా. ముందు బండిలో కూర్చున్న పెద్దాయన దాటుతూ నా వైపు చూసి, “వెనక్కే ఇంత చక్కగా తోలేవాడివి, ముందుకెందుకు పోతున్నావయ్యా?” అన్నాడు. ఆ మాట నేను చాలా ఏళ్ళు మురిపెంగా చెప్పుకున్నాను.

ఇలాంటివి ఇంకో ఇరవై రాయగలను. ఆసుపత్రి వాళ్ళు ఒక సంచిక వేస్తూ నన్ను రాయమన్నదీ ఇలాంటివే. “దివిసీమ గట్టు సంగతి మాత్రం తప్పకుండా రాయండి” అన్నారు. అందుకే రాస్తున్నాను. కానీ వాళ్ళకు తెలిసిన సంగతి వేరు, జరిగింది వేరు.

వాళ్ళకు తెలిసింది ఇది. వార్షిక సభల్లో చాలాసార్లు చెప్పారు గనుక నాకు కంఠతా వచ్చు. ప్రసవం కష్టమైన ఒక తల్లి కోసం డ్రైవరు ప్రాణానికి తెగించి గట్టు దారి పట్టాడు. గట్టు మెత్తబడిందని గుర్తు పెట్టాల్సిన లస్కరు తాగి పడుకున్నాడు. గట్టు కూలింది. బండి ఒరిగిపోతున్నా డ్రైవరు స్టీరింగు వదలకుండా లోపలున్న ఆడవాళ్ళిద్దరినీ కాపాడాడు. ఇక్కడ అందరూ చప్పట్లు కొట్టేవారు. నేను లేచి దండం పెట్టేవాణ్ణి.

గట్టు కూలిందీ, నేను స్టీరింగు వదలనిదీ నిజం. తక్కినదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు.

లస్కరంటే కాలవ గట్లనూ లాకులనూ కనిపెట్టుకుని ఉండే సర్కారు పనివాడు. ఎలక బొరియ పూడ్చడం దగ్గర్నుంచి లాకు తలుపులు ఎత్తడం దాకా అన్నీ ఆయన పనే. నాగాయలంక వెళ్ళే దారిలో ఒక చోట, కాలవ చివరికొచ్చే ముందు, చిన్న లాకులు ఉన్నాయి. అక్కడి లస్కరు తొమ్మిదేళ్ళుగా టెంపరరీ మీద పనిచేస్తున్నాడు. ఆ ఏడు పర్మినెంటు చేసేవాళ్ళ జాబితాలోకి ఆయన పేరు వెళ్ళింది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. వేసవిలో అక్కడ పందిరి వేసినప్పుడు ఆయన పిల్లకు చెవిపోటు మందు తీసుకుంటూ కాంపౌండరుతో చెప్పుకున్నాడు. ఆ సంతోషంలో మాకందరికీ ముంజెలు కోయించి పెట్టాడు.

మా వైపు కాలవలు వేసవిలో కట్టేస్తారు. అప్పుడు గట్లు ఎండి రాయిలా ఉంటాయి. నల్లమట్టి చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది గానీ, బరువు మోస్తుంది. జూన్‌లో నీళ్ళు వదిలితే ఆ బీటల్లోకి నీళ్ళు దిగి గట్టు లోపల్లోపలే నానుతుంది. పైన చూస్తే దుమ్ము లేస్తూనే ఉంటుంది. గట్టు నీళ్ళు తాగుతోంది అంటారు దాన్ని. ఆ వారం పది రోజులూ గట్టు మీదికి బండి ఎక్కించకూడదు. ఎక్కకూడదని చెప్పడానికి లస్కరు గట్టు మొదట్లో పచ్చి తాటిమట్టను నిలువుగా పాతుతాడు. చదువొచ్చినా రాకపోయినా డెల్టాలో పుట్టినవాడెవడికైనా అది అర్థమవుతుంది. నేను పుట్టింది గుడివాడ పక్క పల్లెలో. మా నాన్న పాలేరుగా ఉన్న ఆసామి గట్టు మీద మా నాన్నే ఆ మట్ట పాతేవాడు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ముందురోజు అవనిగడ్డ టీ కొట్టు దగ్గర ఒక బస్సు డ్రైవరు నాతో పందెం లాంటి మాట అన్నాడు. “వేసవిలో గట్లెక్కడం కాదు గురూ. నీళ్ళొచ్చాక ఎక్కితే అప్పుడు చెప్పు, నువ్వు డ్రైవరువని.” “రేపు ఎక్కుతున్నా, వచ్చి చూడు” అన్నాను. మర్నాడు మేం వెళ్ళాల్సిన పల్లెకు రోడ్డు మీద చుట్టూ తిరిగితే ఏడు మైళ్ళు, గట్టు మీద రెండు. ప్రసవం కేసు లేదు. ఏ కేసూ లేదు. పందిరి వేసుకుని రోగుల కోసం ఎదురుచూడ్డానికి వెళ్తున్నాం, అంతే.

గట్టు మొదట్లో మట్ట కనిపించింది. బండి ఆపాను. డాక్టరమ్మ గారూ నర్సమ్మా వెనక మందుసీసాలు సర్దుకుంటున్నారు. కాంపౌండరు నా పక్కన ఉన్నాడు. నేను దిగి, మట్టను అటూ ఇటూ ఊపి పీకాను.

“బావా, అది ఊరికే పెట్టరు” అన్నాడు.

“తాటిచెట్లున్న చోట మట్టలు పడక ఏం పడతాయి?”

“పడ్డ మట్ట నిలబడుతుందా?”

నేను మట్టను బండి మెట్టు పక్కన పడేసి, గెడతో గట్టు వెడల్పు కొలిచాను. తొమ్మిదడుగుల పైనే ఉంది. కొలత సరిపోయింది కదా అనుకున్నాను. ఏళ్ళ తరబడి ఆ గెడను నమ్మి బతికినవాణ్ణి. గట్టు లోపల ఎంత నానిందో చెప్పే గెడ ఎవరి దగ్గరా ఉండదని నాకు తెలుసు, అయినా ఎక్కాను. పీకిన మట్టను అక్కడే వదిలితే వెనకొచ్చేవాడు చూస్తాడని తీసి బండిలో వేసుకున్నాను. ఈ ఒక్క పని చాలు, నేను ఏం చేస్తున్నానో నాకు తెలుసునని రుజువు చేయడానికి.

ముప్పావు మైలు బాగానే నడిచింది. నేను ఈల వేస్తున్నాను కూడా. అప్పుడు పొలం వైపు వెనక చక్రాలు కింద ఏమీ లేనట్టు దిగిపోయాయి. బండి ఒరిగింది. లోపల సీసాలన్నీ ఒక్కసారి దొర్లాయి. నేను స్టీరింగు కాలవ వైపు పూర్తిగా తిప్పి, బ్రేకు మీద నిలబడ్డాను. బండి ఒరిగి ఆగింది. ఆడవాళ్ళిద్దర్నీ కాలవ వైపు కిటికీలోంచి దింపాం. ఇంతవరకూ నేను చేసిన పని సరిగ్గానే చేశాను.

చక్రాల కింద ఏదైనా వెయ్యాలని చేతికందిన కొమ్మా రెమ్మా అన్నీ తోశాం. ఆ తాటిమట్టను కూడా నేనే తోశాను. చక్రం తిరిగి దాన్ని బురదలోకి తొక్కేసింది.

లస్కరు లాకుల దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే, “మట్ట చూళ్ళేదాండీ?” అన్నాడు.

“ముందు చక్రం సంగతి చూడవయ్యా” అన్నాను.

ఆయన చక్రం వైపు చూడలేదు. గట్టు వాలు కేసి చూసి, “గండి పడుతోంది” అని అరుస్తూ పొలంలోకి దూకాడు. పొలం వైపు వాలులో అప్పుడే తాడు లావున నీళ్ళు కారుతున్నాయి. చూస్తూండగానే అది మనిషి నడుం లావయింది. కింద నారుమళ్ళు. అంతకుముందురోజే మొలక చల్లారు. లస్కరు ఆ నీళ్ళకు అడ్డంగా వీపు ఆనించి కూర్చుని, ఊరి వైపు కేకలు పెట్టాడు.

ఊరు ఊరంతా కదిలొచ్చింది. పారలు, గడ్డిమోపులు, తాటిదుంగలు. గండి పూడ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి పది పన్నెండు మళ్ళు ఒండ్రు కింద కప్పబడిపోయాయి. ఆ తర్వాత అదే జనం ఎనిమిది జతల ఎడ్లు కట్టి మా బండిని లాగారు. ఎవరింటి నుంచో మాకు మజ్జిగ కూడా వచ్చింది.

పొద్దువాలే వేళకు ఓవర్సీర్ గారు సైకిలు మీద వచ్చారు. కాలవల మీద అజమాయిషీ ఆయనది. రైతులు చుట్టుముట్టారు. ఆయన ముందు లస్కరును పిలిచారు.

“మట్ట పాతావా?”

“పాతానండి. నీళ్ళొచ్చిన రోజే పాతాను.”

“ఏదీ, చూపించు.”

గట్టు మొదట్లో పాతిన చోట మట్టి తొక్కుళ్ళలో కలిసిపోయింది. చక్రాల కింద నుంచి లాగిన కొమ్మల కుప్పలో నలిగిన మట్టలు నాలుగైదు ఉన్నాయి. లస్కరు వాటి కేసి చూశాడు గానీ, ఇది నాదే అని చెప్పడానికి దాని మీద ఏం రాసి ఉంటుంది?

“జాబితాలో నీ పేరు రాసి పంపి పదిహేను రోజులు కాలేదు. ఇప్పుడు పైవాళ్ళకి నేనేం చెప్పను?” అన్నారు ఓవర్సీర్ గారు.

“పిల్లల మీద ఒట్టండి, పాతాను.”

ఆయన నా వైపు తిరిగారు. “డ్రైవరు గారూ, మీరు చెప్పండి. మట్ట ఉందా?”

రైతులంతా నా వైపే చూస్తున్నారు. నా ఒంటి మీద ఖాకీ చొక్కా, ఆసుపత్రి బిళ్ళ. పక్కన డాక్టరమ్మ గారు.

“లేదండి” అన్నాను.

అంత చిన్న మాట. దానికోసం నేను ఆలోచించిన గుర్తు కూడా లేదు. డాక్టరమ్మ గారు నన్ను పక్కకు పిలిచి, “నిజంగా లేదా?” అని మళ్ళీ అడిగారు. మళ్ళీ లేదన్నాను. నా మాట మీద ఆవిడ ఓవర్సీర్ గారికి కాగితం రాసిచ్చారు. ఆవిడ తప్పు ఇందులో ఏమీ లేదు. నా మాట ఆవిడ ఎప్పుడూ నమ్మేవారు, నమ్మేలా నేను పనిచేశాను కాబట్టి. కాంపౌండరును ఎవరూ అడగలేదు. ఆయన తన కోటు గుండీల కేసి చూసుకుంటూ నిలబడ్డాడు.

గుంపులో ఎవరో “తాగి పడుకుని ఉంటాడు” అన్నారు. ఎవరన్నారో తెలియదు. లస్కరు ఎన్నడూ తాగడు. ఆ సంగతి మాకు వేసవిలో అక్కడున్న వారం రోజుల్లోనే తెలిసింది. అయినా నేను కాదనలేదు. ఆ మాట ఊళ్ళో స్థిరపడింది. జాబితాలోంచి పేరు కొట్టేశారు, తర్వాత పనిలోంచే తీసేశారు. లాకుల పక్కన ఆయన ఉంటున్న గది ఖాళీ చేయించారు. లస్కరూ నేనూ ఇద్దరం క్రైస్తవులమే. ఆ పల్లె సంఘంలో తాగుబోతని ఆయన్ను ప్రభువు బల్ల దగ్గరికి, అంటే గుడిలో రొట్టె ఇచ్చే చోటికి, రానివ్వలేదట. ఆ సంగతి తెలిసిన ఆదివారం కూడా నేను బందరు గుడిలో మోకాళ్ళూని రొట్టె తీసుకున్నాను.

ప్రసవం కథ ఎవరు కలిపారో నాకు తెలియదు. మొదటిసారి సభలో విన్నప్పుడు ఉలిక్కిపడ్డాను. మూడోసారికి అలవాటైంది.

కాంపౌండరు మాత్రం వదల్లేదు. ప్రతి జూన్‌లో, కాలవలకు నీళ్ళు వదిలారని తెలియగానే, మందులు కలుపుతూ కలుపుతూ, “బావా, ఆ మట్ట సంగతి ఈ ఏడైనా చెప్తావా?” అనేవాడు.

“నువ్వు చెప్పొచ్చుగా!”

“అడిగితే చెబుదామనుకున్నాను. అడక్కపోతే బతికిపోయాననుకున్నాను. నలుగురు పిల్లలవాణ్ణి. నాది పిరికితనం, ఒప్పుకుంటాను. నీదేంటో నువ్వు చెప్పు.”

ఇలా పదేళ్ళు గడిచాయి. బండి పాడై ఆసుపత్రి ఆవరణలో కోళ్ళగూడయింది. నేను వేరే చోట లారీ తోలుతూ, సభలకూ బావను చూడ్డానికీ ఆసుపత్రికి వచ్చిపోయేవాణ్ణి. పోయిన ఏడు కాంపౌండరు రిటైరయ్యాడు. వీడ్కోలు పెట్టినరోజు నన్ను గేటు దాకా రమ్మన్నాడు. “ఇక నేను ఆసుపత్రిలో ఉండను, నువ్వు రావు. నిన్ను అడిగేవాడు ఉండడు. హాయిగా ఉండు బావా” అని చెప్పి రిక్షా ఎక్కేశాడు.

ఆ వారమే నాగాయలంక బస్సెక్కాను. లస్కరు అక్కడ అత్తవారి ఊళ్ళో చేపల పడవల మీద పనిచేస్తున్నాడని తెలుసుకున్నాను. నేను వెళ్ళేసరికి ఒడ్డున బోర్లించిన పడవకు తారు పూస్తున్నాడు. తల నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

“డ్రైవరు గారా! బండేదండీ?”

“బండి పోయింది. ఒక మాట చెప్పడానికొచ్చాను. ఆ మట్ట పీకింది నేనే.”

ఆయన తారు కుంచె ఆపలేదు. “నాకు తెలీదాండీ? పాతినోణ్ణి నేను. అది నడిచిపోదుగా!”

“తప్పు చేశాను.”

“అదీ తెలుసు. నాకు తెలీని ముక్కేదన్నా ఉంటే చెప్పండి. లేకపోతే ఈ డబ్బా ఇటు జరపండి.”

డబ్బా జరిపాను. రెండు వరసలు తారు పూశాక ఆయనే అన్నాడు. “మా పెద్దపిల్లని ఆ ఊరే ఇచ్చానండి. పురుడు పోయడానికి కూడా పగలు వెళ్ళలేదు మేం. ఆ గట్టు మీద నడిస్తే ‘తాగుబోతు లస్కరు పోతున్నాడ్రో’ అంటారు. నాకు చెప్తే ఏం లాభం? చెప్పాల్సినోళ్ళు అక్కడున్నారు.”

ముందు నేను కాలవల ఆఫీసుకు వెళ్ళాను. జరిగిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. కొత్త ఓవర్సీర్ గారు చదివి, మర్యాదగానే, “ఆ కాగితాలు ఎప్పుడో కట్టేశారండి. ఆయనకి వయసు కూడా దాటిపోయింది. ఉద్యోగం రాదు” అన్నారు. నా కాగితాన్ని మాత్రం పాత కాగితాలతో కలిపి కుట్టించమని అడిగాను. కుట్టించారు.

తర్వాత జూన్ కోసం ఆగాను. నీళ్ళు వచ్చిన మూడో రోజు, నీళ్ళ వంతులు మాట్లాడుకోవడానికి రైతులంతా లాకుల దగ్గర కూడతారు. బస్సు దిగి, అద్దె సైకిలు తీసుకుని, రోడ్డు వైపు నుంచి లాకులకు వెళ్ళాను. నేను కబురు పెట్టడంతో లస్కరు అప్పటికే వచ్చి, గుంపుకు కొంచెం ఎడంగా, లాకు తలుపు దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని ఎవరూ పలకరించడం లేదు.

నేను నిలబడి చెప్పాను. మట్ట ఉందని, పీకానని, బండిలో వేసుకున్నానని, చక్రం కింద తొక్కించానని, ఓవర్సీర్ గారు అడిగితే లేదన్నానని. ఆయన తాగలేదని కూడా చెప్పాను. చెప్పదలచుకున్నది వరసగా, గట్టిగా చెప్పాను. ఆ పాటి చేతనైన మనిషి పదేళ్ళు ఎందుకు ఆగాడని మీరు అడగొచ్చు. వాళ్ళూ అడిగారు.

“మా ఎడ్లతో లాగాం కదయ్యా నీ బండి!” అన్నాడు ఒకాయన లేచి. “మా మళ్ళు ముంచి, మా ఎడ్లతోనే లాగించుకున్నావా?”

“మజ్జిగ మా ఇంట్లోదే” అన్నాడు ఇంకొకాయన. “రెండు గ్లాసులు తాగాడు కూడాను.”

“తాగింది ఇతనన్నమాట, లస్కరు కాదు” అని వెనకనుంచి ఎవరో అంటే కొందరు నవ్వారు. నవ్వనివాళ్ళే ఎక్కువ.

అందరికంటే ఎక్కువ మళ్ళు పోయిన పెద్దరైతు ఒకాయన ఉన్నాడు. అంతసేపూ చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఆయన నాతో మాట్లాడలేదు. లస్కరు వైపు తిరిగాడు.

“నువ్వెందుకు గట్టిగా చెప్పలేదురా అప్పుడు?”

“చెప్పాను మావయ్యా. మీరు ఖాకీ చొక్కా కేసి చూశారు.”

పెద్దాయన తల దించుకున్నాడు. “మా పొలాలకి నీళ్ళు పంచే మనిషి పోయిన పంటతో మానేశాడు. సర్కారు ఉద్యోగం కాదు, మేం పెట్టుకునేదే. వస్తావా?” అన్నాడు.

“గట్టు మీద నా మాట నడవాలి.”

“నడుస్తుంది.”

“ఎవరి బండైనా సరే.”

“నా బండైనా సరేరా” అన్నాడు పెద్దాయన.

లస్కరు వెంటనే ఒప్పుకోలేదు. ఇంట్లో అడిగి చెప్తానన్నాడు. వారం తర్వాత వచ్చి చేరాడని విన్నాను. ఆ పల్లె సంఘానికి కూడా ఆ ఆదివారమే వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆసుపత్రి వాళ్ళు ఈ సంచికలో దీన్ని వేస్తే సభల్లో చెప్పే కథ కూడా ఆగుతుంది. వెయ్యకపోతే చేత్తో రాసి పంచుతాను. ఆయన ఉద్యోగం పోయింది పోయిందే, అది నేను తెచ్చి ఇవ్వలేను.

ఆ రోజు లాకుల దగ్గర పని అయ్యాక పొద్దు బాగా వాలింది. చివరి బస్సుకు ఎక్కువ సమయం లేదు. గట్టు మీద అడ్డంగా వెళ్తే దగ్గర. సైకిలేగా అని గట్టు మీదికి ఎక్కించి, పెడలు మీద కాలు పెట్టాను.

“డ్రైవరు గారండీ!” లస్కరు పిలిచాడు. “గట్టు నీళ్ళు తాగుతోంది. దిగండి.”

“సైకిలు కూడా వెళ్ళకూడదా?”

“సైకిలుకేం, నిక్షేపంలా వెళ్తుంది. తోలేది మీరు కదండీ, అదీ భయం.”

ఈసారి అందరూ నవ్వారు. పెద్దరైతు కూడా. నేను దిగి, సైకిలును పక్కన నడిపించుకుంటూ రోడ్డు దారిన వెళ్ళాను. బస్సు అందలేదు.